అన్నమ్మ ఎవరికి మొక్కుతోంది?

కలకత్తా వైపు నిమ్‌పురా రైల్వే క్వార్టర్స్‌లో కుళాయి దగ్గర బకెట్ల చప్పుడు మొదలయ్యే వేళకి అన్నమ్మ వెనక వరండాలో చాప పరుచుకుని కళ్ళు మూసుకుంది. ఒళ్ళో బైబిలు లేదు. పెదవులు కదలడం లేదు. యార్డులో ఎవరో గూడ్సు బండి చక్రాలని సుత్తితో కొట్టి పరీక్ష చేస్తున్నారు. ఒక దెబ్బకి ఊపిరి లోపలికి, ఇంకో దెబ్బకి బయటికి. ఆవిడ చేస్తున్నదల్లా అంతే.

వంటింటి గుమ్మంలో చెప్పుల చప్పుడు ఆగింది. కోడలు చూస్తోందని అన్నమ్మకి కళ్ళు తెరవకుండానే తెలిసింది.

స్వర్ణకుమారి చెడ్డపిల్ల కాదు. కానీ మూడు తరాల క్రైస్తవుల ఇంటి పిల్ల. వాళ్ళ లెక్కలో ప్రార్థన అంటే నోరారా చేసేది. పక్క క్వార్టరుకి వినబడకపోతే పైవాడికి మాత్రం ఏం వినబడుతుంది? ఆ పిల్ల గొంతెత్తిందంటే నాలుగిళ్ళ అవతలి వాళ్ళు కూడా ఆమెన్ అనాల్సిందే. అలాంటిది, అత్తగారు రోజూ తెల్లారి మాటా పలుకూ లేకుండా కూర్చుంటే ఏమనుకుంటుంది? పైగా ఆవిడ ఏడాదిగా చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళడం లేదు. అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగుతుంటే బెంచీ మీదే తలవంచుకు కూర్చుంటోంది.

ఇలా కూర్చోవడం నేర్పింది కలకత్తా డాక్టరమ్మ. కిందటేడు, తొంభై ఆరులో, కడుపులో రాళ్ళకి ఆపరేషన్ చెయ్యబోతూ రక్తం పరీక్ష చేస్తే హెచ్.ఐ.వి. అని తేలింది. ఎనభై ఎనిమిదిలో గర్భసంచి తీసినప్పుడు ఎక్కించిన రక్తంతో వచ్చి ఉంటుందంది డాక్టరమ్మ. భర్త జ్ఞానప్రకాశం అప్పటికే పోయి రెండేళ్ళు. కానీ ఆ లెక్క ఎవడు చూస్తాడు? రైల్వే ఉద్యోగంలో లైను మీద ఊళ్ళు తిరిగిన మనిషి, పెళ్ళానికి అంటించి పోయాడంటారు. సమాధిలో ఉన్నవాడికి ఆ మాట రాకూడదని అన్నమ్మ కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

"మాశీమా, ఆ జబ్బుని నేను కనిపెట్టుకుని ఉంటాను. కానీ మీ బీపీ, మీ గుండెదడ చూస్తుంటే దానికంటే ముందు ఈ భయమే మిమ్మల్ని తీసుకుపోయేలా ఉంది" అంది డాక్టరమ్మ, బెంగాలీలో పిన్నమ్మా అని పిలిచి, మిగతాదంతా హిందీలో. ఉప్పు తగ్గించమంది, సాయంత్రం నడవమంది, మాత్ర మానొద్దంది. పొద్దున్నే ఇరవై నిమిషాలు ఊపిరిని చూస్తూ కూర్చోమంది. భయం వస్తే తరమొద్దు, దాని వెంట పోవద్దు, వచ్చిందనుకుని మళ్ళీ ఊపిరి దగ్గరికి రమ్మంది. చెప్పినంత సులువేం కాదు. కానీ దడ తగ్గింది.

ఆ వేళ నైట్ డ్యూటీ దిగి కొడుకు కృపారావు ఇంట్లో అడుగుపెట్టేసరికి స్వర్ణకుమారి ఆగలేకపోయింది.

"ఈ వేళ మీరే అడగండి అత్తమ్మని. ఆవిడ ఎవరికి మొక్కుతన్నాదో."

"ఏటైంది?"

"బైబిలు నేదు, పాట నేదు. కళ్ళు మూసుకుని ఏదో మంత్రం సేస్తన్నాది. నేను పాస్టరు గారికి సెప్పినాను. ఆదివారం సంఘం పెద్దల్ని తీసుకుని వొస్తానన్నారు."

ఆ మాట విని అన్నమ్మ చాప చుట్టుకుని లోపలికి వచ్చింది. పెద్దలొస్తారు. చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే అడుగుతారు.

"అది మంత్రం కాదమ్మా. గుండె కోసం. డాక్టరమ్మ సెప్పినాది."

"గుండె కోసమైతే బల్ల దగ్గరికి ఎందుకు రారు?" స్వర్ణకుమారి చెయ్యి ఏడో నెల కడుపు మీదికి పోయింది. "వొచ్చే నెల మాయమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వొస్తాది. పురుడయ్యాక బిడ్డని ఈ ఇంటికి తేవాలంటే నాకు భయంగున్నాది అత్తమ్మా. నిజంగా భయంగున్నాది."

అన్నమ్మ ఆ కడుపు వైపు చూసింది. బిడ్డ రాదు. ఏడాదిగా ఇంకే భయానికీ ఇంతలా ఒళ్ళు చల్లబడలేదు.

కృపారావు అలసిపోయి గోడకి జేరబడ్డాడు. "అమ్మా, ఒక పని సెయ్యి. ఇప్పుడు ముగ్గురం ఉన్నాం. నువ్వు ప్రార్థన సెయ్యి, పైకి. నీ కోడలి బెంగ తీరిపోద్ది."

ముగ్గురూ మోకరించారు. అన్నమ్మ మొదలెట్టింది. అలవాటైన మాటలు వాటంతటవే వచ్చాయి: యార్డులో పనిచేసే పిల్లల్ని కాపాడు, కడుపుతో ఉన్న పిల్లకి బలమివ్వు. అక్కడ ఆగిపోయింది. ఏడాదిగా ఇంట్లో గట్టిగా ప్రార్థన చెయ్యకపోవడానికి కారణం అదే. ఆవిడ దగ్గరున్నది ఒక్కటే ప్రార్థన, దాన్ని ఇంకెవరూ వినకూడదు.

గుండె గొంతులో కొట్టుకుంటోంది. యార్డులో సుత్తి మోగింది. ఊపిరి లోపలికి తీసుకుంది. ఇంకో దెబ్బ. వదిలింది.

"తండ్రీ, నా రక్తంలో ఎయిడ్స్ పురుగు ఉన్నాది."

కృపారావు కళ్ళు తెరిచాడు. ఆవిడ తెరవలేదు.

"ఆపరేషన్లో ఎక్కించిన రక్తంతో వొచ్చింది. నా పెనిమిటి ఏ పాపం ఎరగడు. ఆయన్ని అంటారనే నోరు మూసుకున్నాను. ముట్టుకుంటే అంటదనీ, కలిసి తింటే అంటదనీ డాక్టరమ్మ సెప్పినాది. గిన్నెతో కూడా అంటదంది. అయినా నా గ్లాసు నేనే తోముకున్నాను తండ్రీ, నీ గిన్నె దగ్గరికి రాలేకపోనాను. నా కోడలు బెదిరిపోనాది. ఆ పిల్ల తప్పు నేదు. నన్ను ఎక్కడికైనా పంపించు గానీ, ఆ బిడ్డని ఒకపాలి ఎత్తుకోనియ్యి."

అంతే. యేసు నామమున అని ముగించడం కూడా మర్చిపోయింది.

స్వర్ణకుమారి లేచి రెండడుగులు వెనక్కి వేసింది. అన్నమ్మ ఆ అడుగుల్ని విని, నేల మీద చేతులానించి అలాగే ఉండిపోయింది. కృపారావు "అమ్మా" అని ఆవిడ భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా బిడ్డకి ఏటీ అవదు గదా?" అడిగింది కోడలు.

"అవదమ్మా. నా మాట నమ్మొద్దు. డాక్టరమ్మనే అడుగుదువు గాని, నాతో రా."

"వొస్తాను. అన్నీ అడుగుతాను." ఒక అడుగు ముందుకి వేసింది. "ఏడాది పాటు ఒక్కరే ఎలా మోసినారు?"

స్వర్ణకుమారి కడుపు పట్టుకుని మెల్లగా మళ్ళీ మోకరించింది. అత్తగారి చేతిని తన చేతిలోకి తీసుకుంది. కోడలి భయం ఇంకా పోలేదు, ఆ పిల్ల వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"పాస్టరు గారిని రావొద్దని నేను సెప్తాను" అంది భర్తతో. తర్వాత అత్తగారి వైపు వంగింది. "మీరు ముగించనేదు."

"మరిసిపోనాను."

గోడ అవతల పక్కింటి వాళ్ళ రేడియో మోగుతోంది. నాలుగిళ్ళకి వినబడేలా ప్రార్థించే ఆ పిల్ల అన్నమ్మ చెవికి మాత్రమే అందేంత నెమ్మదిగా అంది, "ఆమెన్."