పరీక్షకు రాని గాలి

అంగారకుడి మీద కెంపుగిరి పట్నంలో డిగ్రీ లేని మనిషి లేడు. క్యాంటీన్‌లో ఇడ్లీ యంత్రం చూసుకునే ఎల్లమందకే మూడున్నాయి. మూడోది మొన్న చట్నీ తిరుగుతుండగా వచ్చింది. మణికట్టు మీది తెర టింగుమని మోగి, "శుభాకాంక్షలు! మీరు ఖగోళశాస్త్రంలో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు" అంది. ఎల్లమంద చెయ్యి తుడుచుకుని ఒకసారి చూసుకున్నాడు, తర్వాత ఉప్పు సరిపోయిందో లేదో చూసుకున్నాడు.

ఇదంతా దూరవిద్య చలవ. పాఠాలు చెప్పడానికని మనుషుల్ని రాకెట్‌లో మోసుకురావడం అయ్యే పని కాదు కనుక భూమి నుంచి కెంపుగిరికి పంతుళ్లు రాలేదు, పాఠాలు మాత్రం వచ్చాయి. అదొక పెద్ద పాఠభాండారం, ఓపెన్ లైబ్రరీ. ఎవరైనా, ఎప్పుడైనా, ఏదైనా చదువుకోవచ్చు. మొదట్లో చాలామంది అసలు చదవలేదు. చదివిన కొద్దిమందీ పరీక్ష తప్పారు. అప్పుడు డాక్టర్ శర్వాణి 'సారగ్రాహి'ని కనిపెట్టింది.

సారగ్రాహి అంటే ఒక ఎసెన్స్ ఇంజిన్. అది పనిచేసే తీరు చాలా తేలిక. పాఠంలో ప్రతి వాక్యం పక్కనా రెండు గుర్తులుంటాయి. ఒకటి 'ముఖ్యం', రెండోది 'పరీక్షకు రాదు'. చదివేవాళ్లు ఏదో ఒకటి నొక్కాలి. ఎక్కువమంది రాదన్న వాక్యం పాఠంలోంచి తప్పుకుని వెనక అరలోకి పోతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేది కూడా సారగ్రాహే. మిగిలిన వాక్యాల్లోంచే ప్రశ్నలు తీస్తుంది కనుక జనం రాదన్నది నిజంగానే రాదు. అలా ఏడాదికేడాది పాఠాలు చిక్కిపోయాయి, మార్కులు బలిశాయి. శర్వాణికి సన్మానాలే సన్మానాలు. ఆవిడ ఏటా ఫలితాలు చూసి మురిసిపోయేదే గాని, ఆ పాఠాలు ఒకసారి తెరిచి చూద్దామని ఏనాడూ అనుకోలేదు. అందరూ పాసవుతుంటే ఇంకేం చూస్తాం చెప్పండి!

ఒకరోజు పొద్దున్నే ఆవిడ టిఫిన్ చేస్తుండగా పైడిరాజు ఫోన్ చేశాడు. ఊరంతటికీ ఊపిరి అందించే గాలిశాలకు, అంటే ఎయిర్ ప్లాంటుకు, చీఫ్ ఇంజనీరతను. బంగారు పతకం కూడా ఉంది.

"మేడం, పాఠంలో ఏదో తప్పుందండి. ఎర్రదీపం వెలిగింది, పచ్చమీట నొక్కీసాను. ఆర్లేదు."

"మళ్లీ నొక్కారా?"

"నొక్కుతానే ఉన్నాను మేడం. పిల్లల బడి వైపు గాలి చెడిపోతోంది. అడ్డతలుపు మూసుకుపోయింది. మా పాప మేఘమాల లోపలే ఉండిపోయింది మేడం!"

శర్వాణి చేతిలో దోసెముక్క కిందపడింది. గాలి చెడిన భాగాన్ని మిగతా ఊరి నుంచి వేరుచేసే తలుపు అది. లోపల గాలి బాగుపడితే తప్ప ఎంతమంది తోసినా తెరుచుకోదు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా గాలిశాలకు పరుగెత్తింది.

గాలిశాలకూ బడికీ మధ్యనున్న ఆ తలుపు గాజు అద్దంలోంచి పిల్లలు కనబడుతున్నారు. కొందరు గోడకు చేరగిలబడి తూలుతున్నారు. ఇద్దరు ఆయాలు చేటలతో విసురుతున్నారు. మేఘమాల నేల మీద పడుకుని ఉంది. వాన అన్నది చూడని ఊళ్లో పుట్టిన పిల్లకు ముచ్చటపడి పెట్టుకున్న పేరది. పైడిరాజు ఒక చేత్తో అద్దాన్ని బాదుతూ, రెండో చేత్తో పచ్చమీట నొక్కుతూనే ఉన్నాడు.

"సారగ్రాహీ, గాలిశాల పాఠం తియ్యి!" అని అరిచింది శర్వాణి.

"ఇదిగో, డాక్టర్ గారూ," అంది యంత్రం.

తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది. 'ఎర్రదీపం వెలిగినచో పచ్చమీట నొక్కవలెను.'

"మిగతాది?"

"పాఠం అంతేనండి. ఇందులో ఇంతవరకూ తప్పినవారు లేరు."

శర్వాణి తెరను కిందికి జరిపి చూసింది, ఇంకేమీ లేదు. భూమి నుంచి వచ్చినప్పుడు ఆ పాఠం ఒక పెద్ద పుస్తకమంత ఉండేది. ఇన్నేళ్లుగా తను మురిసిపోయింది ఈ ఒక్క ముక్కను చూసుకునా!

"అసలు పాఠం ఏమైంది?"

"వెనక అరలో భద్రంగా ఉందండి. ఎవరూ అడగలేదు."

"తియ్యి, త్వరగా!"

తెర నిండా అక్షరాలు పరుచుకున్నాయి. పైడిరాజు కళ్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తిరిగాయి గాని ఎక్కడా నిలవలేదు.

"ఇందులో ఇంపార్టెంట్లు ఏవి మేడం?"

"అన్నీ ఇంపార్టెంటే! చదవండి!"

"ఇదంతానా?" అన్నాడు.

శర్వాణి నిర్ఘాంతపోయింది. అద్దానికి అవతల కన్నకూతురు ఊపిరాడక పడి ఉంటే, ఇదంతా చదవాలా అని అడుగుతున్నాడు ఈ తండ్రి! పోనీ ప్రేమ లేనివాడా అంటే, కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి. పాపం, అతను పుట్టి బుద్ధెరిగాక ఒక పేరా మొత్తం చదివి ఎరగడు.

ఆవిడే గట్టిగా చదవడం మొదలుపెట్టింది. కంగారులో ఒక వరస తప్పింది, తిట్టుకుని మళ్లీ అందుకుంది. పుట తర్వాత పుట తిరిగింది. చివరికి దొరికింది.

"'జనుల ఊపిరిలోని తేమ జల్లెడ పలకలకు పట్టినచో, అవి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనజాలవు. అట్టి సమయమున పచ్చమీట పనిచేయదు. పలకల ప్రక్కనున్న చేతిచక్రమును ఎడమవైపునకు త్రిప్పి, వేడిగాలితో తేమను పోగొట్టవలెను.' చక్రం ఎక్కడుంది? చేతిచక్రం!"

పైడిరాజు బిక్కమొహం వేసి చుట్టూ చూశాడు. గోడకు ఒక ఇనుప చక్రం ఉంది. దాని మీద అతని తువ్వాలు, టిఫిన్ సంచీ వేలాడుతున్నాయి.

"ఇదేటి? ఇది బట్టలు తగిలించుకోడానికి పెట్టారనుకున్నాను మేడం!"

ఇద్దరూ కలిసి చక్రాన్ని పట్టుకున్నారు. ఏళ్ల తరబడి కదలని చక్రం ఒక పట్టాన తిరగలేదు. పైడిరాజు పళ్లు బిగించి వేలాడబడ్డాడు. కిర్రుమంది, కదిలింది, తిరిగింది. గోడ వెనక వేడిగాలి రొద మొదలైంది. ఎర్రదీపం చాలాసేపు వాళ్ల ప్రాణాలు తోడేసి చివరికి ఆరింది, తలుపు పక్కకి జరిగింది. పైడిరాజు లోపలికి దూకి మేఘమాలను ఎత్తుకున్నాడు. పిల్ల పెదవులు నల్లబడి ఉన్నాయి. దగ్గింది, వాంతి చేసుకుంది, ఆ తర్వాత ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని శర్వాణి నేల మీద చతికిలబడి తనూ ఏడ్చింది.

ఆ సాయంత్రం ఊరంతా క్యాంటీన్‌లో చేరింది. పైడిరాజు పిల్లను భుజాన వేసుకుని అందరి ఎదుటా అన్నాడు: "మనం చదివింది చదువే కాదు. ఇకమీద ఒక్క అక్షరం వదిలితే మా పిల్ల మీద ఒట్టు." ఎల్లమంద భోరుమన్నాడు. శర్వాణి అసలు పాఠాన్ని తీసుకొచ్చి మళ్లీ ముందు పెట్టింది. 'పరీక్షకు రాదు' అనే గుర్తును కూడా తీసేద్దామనుకుంది. ఇంత జరిగాక ఇంకెవరు నొక్కుతారులే అని ఊరుకుంది.

కొన్నాళ్లు గడిచాక ఆవిడ సారగ్రాహిని అడిగింది. "గాలిశాల పాఠం ఎంతమంది చదివారు?"

"అందరూ తెరిచారండి. ఇప్పుడు పాఠం మరింత తేలికైంది."

తెర మీద ఒక్క వాక్యం కూడా లేదు. పచ్చమీట వాక్యం సైతం పోయింది.

"మొత్తం కొట్టేశారా? ముందు ఎవరు కొట్టేశారు?" అంది శర్వాణి.

"చీఫ్ ఇంజనీరు పైడిరాజు గారండి."

ఆవిడ గాలిశాలకు వెళ్లింది. పైడిరాజు కూతురికి పెరుగన్నం తినిపిస్తున్నాడు. చేతిచక్రానికి టిఫిన్ సంచీ వేలాడుతోంది.

"ఏమిటండీ ఇది? మీ పిల్ల ప్రాణం కాపాడిన పాఠం! దాన్ని మీరే ముందు కొట్టేశారట!"

పైడిరాజు చిన్నబుచ్చుకున్నాడు. "కొట్టీకుండా ఎలాగ మేడం? అది మొన్ననే వచ్చీసింది కదా. వచ్చిన ప్రశ్న వెంటనే మళ్లీ ఇవ్వరు కదండి!"

శర్వాణి అతని మొహంలోకి చూసింది. వేళాకోళమేమీ లేదు. చిన్నపిల్లాడికి తెలిసిన సంగతి ఈవిడకు తెలియదేమిటా అన్నట్టు చూస్తున్నాడు.

"అయినా నేనేం ఊరికే కూకోలేదు మేడం," అన్నాడు పైడిరాజు, కూతురి మూతి తుడుస్తూ. "నీళ్ల ప్లాంటు పాఠం బట్టీ పడుతున్నాను. ఈసారి అదే వస్తాదని ఊళ్లో అందరూ అంటున్నారు."