పోల్పరికి నేర్పిన జవాబు

ఏడో నంబరు పునరావాస కాలనీలో బిందె నింపుకునే ముందు పోల్పరిని నీళ్ళలో ముంచి చూడడం పళ్ళు తోముకోవడంలాంటి అలవాటు. 2084లో ఆ సముద్రతీరంలో పోల్పరి లేని ఇల్లే లేదు. చూడబోతే పెన్నంత ఉంటుంది. దాని కొసనుంచి వచ్చే లేజర్ కిరణాన్ని ఒక్కో పదార్థం ఒక్కో తీరుగా చెదరగొడుతుంది. ఆ కాంతిముద్రను పోల్పరి తన దగ్గరున్న కోట్ల ముద్రలతో సరిపోల్చి, రెండు సెకన్లలో పదార్థం పేరు చెప్పేస్తుంది. మంచిదైతే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ పైడిశ్రీ ఆ రోజు తమ్ముడి కూతురు కోమలి వంటింట్లో కూర్చుని, ఒకే గ్లాసులో నాలుగోసారి పోల్పరిని ముంచింది. పచ్చదీపమే. మంచినీళ్ళట.

మంచినీళ్ళు తాగే పిల్లకి ఇద్దరు బిడ్డలు కడుపులోనే ఎలా పోయారు? కోమలికి ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. ఈ బిడ్డనైనా దక్కించుకుందామనే పైడిశ్రీ ఉన్నపళంగా బయలుదేరి వచ్చింది. వస్తూ వస్తూ ల్యాబులో మూలపడి ఉన్న పాత స్పెక్ట్రోమీటరును మోసుకొచ్చింది. దానికి ముద్రల భాండాగారం లేదు, ఎవరితోనూ సంబంధం లేదు. ఉన్న గీత ఉన్నట్టు గీస్తుంది, అంతే.

అది గీసిన గీతను ఆమె రెండుసార్లు సరిచూసుకుంది. ఆ నీళ్ళలో ఏ గ్రంథంలోనూ పేరులేని రసాయనమేదో నిండా కలిసి ఉంది.

"నా పోల్పరి అబద్ధం చెబుతోందే కోమలీ" అంది నీరసంగా.

"అబద్ధం కాదత్తా. మేం నేర్పిందే సెప్తాది" అంది కోమలి, బియ్యంలో రాళ్ళు ఏరుతూనే.

పైడిశ్రీకి అర్థమైంది. ఆ ఏర్పాటు తను చేసిందే. పేరు తెలియని పదార్థం ఎదురైతే పోల్పరి ఎర్రదీపం వెలిగించి, ఇదేమిటని తన చిన్న తెర మీద స్థానికులనే అడుగుతుంది. వందమంది ఒకే జవాబిస్తే దాన్నే నిజంగా రాసుకుంటుంది. మనుషులకు తెలిసినంత యంత్రానికేం తెలుసని అప్పట్లో ఎంత మురిసిపోయిందో.

"ఎర్రదీపం ఎలిగితే మూడ్రోజుల్లో ఊరు కాళీ సెయ్యాల గదా. అప్పటికే నాలుగూర్లు ఒగ్గేసినాం. ఇంక మావల్ల కాదని అందరం కూకుని మాటాడుకుని, నూట పన్నెండుగురం మంచినీళ్ళని నొక్కినాం."

"నువ్వూ నొక్కావా?"

"అందరికన్నా ముందు నొక్కినాను. అప్పుడు ఆ పోయిన పెద్దోడే కడుపులో ఉన్నాడు."

"బుద్ధుందా నీకు?" అంది పైడిశ్రీ. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. ఆ తప్పుడు ముద్రను చెరిపేద్దామని భాండాగారం తెరిచింది. మంచినీళ్ళ పేరు కింద ఒక్క ముద్రే ఉండాలి. పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. ఒక్కోదాని వెనక ఒక్కో ఊరు, మంచినీళ్ళని నొక్కిన వందేసి వేళ్ళు. ఆమె ల్యాబున్న వీధి కూడా ఉంది.

"సరే అత్తా, అసలైన నీళ్ళున్న ఊరు ఒక్కటి సూపించు. ఇప్పుడే బట్టలు సర్దుకుంటాను" అంది కోమలి.

పైడిశ్రీ వెతికింది. సిసలైన నీటి ముద్ర ఈ ఏడాది ఎక్కడెక్కడ దొరికిందని అడిగింది. ఎక్కడా లేదు. రెండోసారి అడిగినా అదే జవాబు. ఈలోగా పోల్పరి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: "ఈ నమూనాను మీరు పలుమార్లు పరీక్షించారు. ఇదేమిటో మీకు తెలుసా?"

విషమని నొక్కితే, దాన్ని చేసిన మనిషి మాట కాబట్టి, ఈ పూటే ఎర్రదీపం వెలుగుతుంది. మూడు రోజుల్లో ఈ పిల్ల మూటా ముల్లే నెత్తిన పెట్టుకుని, ఆ పదకొండు వేల ఊళ్ళలోనే మరో ఊరికి నడవాలి.

"ఉందా అత్తా?" కోమలి చెయ్యి కడుపు మీద ఉంది.

పైడిశ్రీ తెర వంక చూసింది. మంచినీళ్ళు అన్న చోట నొక్కింది.

కోమలి అది చూసింది. ఆ గ్లాసు తీసుకుని తాగేసి, బిందెలో మళ్ళీ ముంచి అత్త చేతికిచ్చింది.