చేతులు కనిపించే కెమెరా

"ఏ కంప్యూటర్‌కైనా పనిచేస్తుందని మీరే కదా చెప్పారు?"

కెమెరా డబ్బాను ఆమె, దాన్ని అమ్మిన కుర్రాడి ముందు, కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. ఆమె ల్యాప్‌టాప్ పాతది, అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దాని సొంత కెమెరా ఎప్పుడో పోయింది. చవగ్గా వస్తోంది కదా అని ఇది కొంటే, చీకటి తప్ప ఏమీ చూపించలేదు.

విప్పిన డబ్బా వెనక్కి తీసుకునేది లేదన్నాడు దుకాణం యజమాని. తప్పు కెమెరాది కాదట, లినక్స్‌దట.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమ్మకు వినపడదు, మాటలన్నీ చేతులతోనే. అక్క పురుటికని అమ్మ అక్కింటికి వెళ్ళింది. రోజూ సాయంత్రం నల్లటి తెర ముందు కూర్చుని, నా మీద అలిగావా అని చేతులతో అడుగుతోంది. కెమెరా పాడైందని అక్క చెప్పినా నమ్మడం లేదు.

కెమెరా అమ్మిన అతను యజమాని తమ్ముడి కొడుకే. తల వంచుకుని, "లినక్స్ సంగతి తెలియకుండానే చెప్పేశాను. తప్పు నాదే," అన్నాడు.

"మీరు ఒప్పుకుంటే మా అమ్మకు నేను కనిపిస్తానా?"

పనిచేసేది దొరికేదాకా కదలనని ల్యాప్‌టాప్ తెరిచి అక్కడే బైఠాయించింది. పెదనాన్న గొణుగుతున్నా వినకుండా అతను ఒక్కో కెమెరా తగిలించి చూశాడు. ఖరీదైనవి సాఫ్ట్‌వేర్ కావాలంటూ మొరాయించాయి. ఒకదానిలో చేతులు కదిపితే పొగలా కనిపించాయి. చివరికి, ఏ సాఫ్ట్‌వేరూ అడగని ఓ చవక కెమెరా తగిలించగానే ఆమె మొహం తెరమీదికి వచ్చింది, కోపంతో సహా.

వెంటనే అమ్మకు కాల్ చేసింది. అమ్మ చేతులు గబగబా కదిలాయి.

"ఏమంటున్నారు?" అతను మెల్లగా అడిగాడు.

"వెనకాల నోరు తెరుచుకు చూస్తున్నదెవరని అడుగుతోంది."

కెమెరా ఎలా ఉందో కనుక్కునే వంకతో అతను తరచూ వీడియో కాల్ చేసేవాడు. బాగానే ఉందని ఆమె విసుక్కునేది. విసుక్కుంటూనే సైగల భాష నేర్పింది. వానలు తగ్గేసరికి వాళ్ళ మధ్య 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

అక్కకు పాప పుట్టింది. పాపను చూపించడానికి అమ్మ కాల్ చేసినప్పుడు అతను పక్కనే ఉన్నాడు. ఉన్నట్టుండి కెమెరా ముందుకు జరిగి, మీ అమ్మాయిని పెళ్ళి చేసుకోవాలనుందని తడబడే చేతులతో చెప్పాడు. అమ్మ కళ్ళు మెరిశాయి. తనకిష్టమేనంది.

ఆమెకు మళ్ళీ మండింది. "నన్ను అడగకుండా మా అమ్మను అడుగుతావా?"

"నిన్నడిగితే తిడతావని భయమేసింది."

"తిట్టేదాన్నే. అయినా అడగాలి."

అతను ఆమె వైపు తిరిగి, ఈసారి తడబడకుండా చేతులతో అడిగాడు. ఆమె కోపంగా చూస్తూనే, అమ్మకూ కనబడేలా చేతులు పైకెత్తి, సరేనంది.