మడతలో పోయిన ఉద్యోగం

పొయ్యి మీద పాలు పైకి వస్తున్నాయి. అత్తగారు చూడలేదు. కోడలికి పాఠం చెప్పే పనిలో ఉంది.

"పాత పని ఎందుకు మానేశావని అడుగుతారు. ఏం చెప్తావ్?"

"తీసేశారని చెప్తానత్తయ్యా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నా మోకాళ్ళు పడిపోయాయని చెప్పు. చూసుకోడానికి మానేశానను."

"నిన్న బీరువా ఒక్కదానివే జరిపావు కదమ్మా," అన్నాడు కొడుకు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"నువ్వు నోర్ముయ్. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి."

కోడలు కర్టెన్లు కుట్టే కార్ఖానాలో బట్ట కత్తిరించేది. మఖమలు బట్ట మీది నూగు ఒకే వైపు వాలి ఉంటుంది. ఒకరోజు తొందరలో తానును రెండుగా మడిచి ఒక్క కోతలో కోసేసింది. మడిస్తే పై పొర నూగు ఎదురు తిరుగుతుంది. వేలాడదీసి చూస్తే ఒక కర్టెన్ ముదురు, ఒకటి లేత. తానంతా పాడు. ఆ సాయంత్రమే పొమ్మన్నారు.

తరవాత ఎక్కడికి వెళ్ళినా ఏదో సాకు చెప్పింది. వాళ్ళు పాత కార్ఖానాకు ఫోన్ చేసేవారు. అంతటితో సరి.

"ఇంక నావల్ల కాదత్తయ్యా. నాకొచ్చిన పని కూడా అబద్ధమేమో అనిపిస్తోంది."

"తీసేశారని నలుగురికీ తెలిస్తే నేను తలెత్తుకు తిరిగేదెలా?"

"మీ తల కోసం నా చేతులు కట్టేసుకోమంటారా?"

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎవరూ కదల్లేదు. కోడలు సంచి తీసుకుని బయటికి నడిచింది.

కొత్త చోట యజమానురాలు పాత పని ఎందుకు మానేశావని అడగనే అడిగింది.

"మానలేదండీ. తీసేశారు. తప్పు నాదే." మడత సంగతంతా చెప్పింది.

"మళ్ళీ చెయ్యవని ఏంటి నమ్మకం?"

"ఇప్పుడు మడవనండీ. ఒక్కో పొరా పరిచి, అరచేత్తో నిమిరి, నూగు వాలిన వైపు సుద్దతో గీత పెడతా. చేసి చూపించనా?"

యజమానురాలు బల్ల చూపించింది. కోడలు కోస్తుంటే పక్కన నిలబడి పాత కార్ఖానాకు ఫోన్ చేసింది. కత్తెర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"నువ్వు చెప్పిందే వాళ్ళూ చెప్పారు. పని బాగా చేస్తావని కూడా అన్నారు. ఇదివరకు వచ్చినవాళ్ళు చెప్పిందొకటి, ఫోన్‌లో తేలిందొకటమ్మా. సోమవారం వచ్చెయ్."

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మెట్ల మీద పక్కింటావిడతో ఉంది. కోడలి ముఖం చూడగానే అత్తగారికి అర్థమైంది, నిజమే చెప్పిందని, పనీ దొరికిందని.

"పని దొరికిందా అమ్మాయ్? ముందుది ఎందుకు మానేశావేంటి?" అంది పక్కింటావిడ.

కోడలు నోరు తెరిచేలోపు అత్తగారు లేచింది.

"మానడమేంటి, తీసేశారు! ఆ మాట ముఖం మీదే చెప్పి మరీ కొత్త పని తెచ్చుకుంది మా పిల్ల. నీకు తెలిసినవాళ్ళలో ఇలాంటిది ఇంకెవరున్నారో చెప్పు చూద్దాం!"

కొంగుతో కళ్ళు తుడుచుకుని, కోడలి చేతిలో సంచి తను అందుకుంది.