రేవుపాలెం కేసెట్టు

"ఏమండీ... అందరూ అమ్మ పంపిన కేసెట్టు పెట్టమంటున్నారండీ! వాళ్ళకేం చెప్పను?" అంటూ వంటగది గుమ్మంలోనే కూలబడిపోయింది దయాకుమారి.

భర్త కృపాకర్ ముందుగది వైపు తొంగిచూశాడు. దుబాయ్ పక్కనే షార్జాలోని రోలా పేటలో కాపురముంటున్న రేవుపాలెం వాళ్ళంతా చర్చిలో శుక్రవారం ప్రార్థన కాగానే పరామర్శకు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. దయ తల్లి మరియకుమారి పోయిందని టెలిగ్రాం వచ్చి పది రోజులు. దయ పనిచేసే ఆసుపత్రిలో ముదీర్, అదే ఆ మేనేజరు, సెలవివ్వలేదు. దయ డ్యూటీకి పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది... ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా!

ఆ కేసెట్టులో ఊరి కథంతా చెప్పిందా తల్లి. ఆడవాళ్ళు లేసు అల్లి అల్లి, అమ్మిన డబ్బుతో ఏసు గుడికి కప్పు వేయించడం, తుఫాను నాడు ఏ కులమని చూడకుండా ఊరంతా ఆ కప్పు కిందే మూడు రోజులు గంజి తాగడం... ఇవన్నీ ఏ పుస్తకంలో ఉన్నాయి గనక!

"ఒక్కసారి పెట్టమ్మా, పిన్నిగారి గొంతు విందాం," అన్నాడు సూరిబాబు.

దయ గుమ్మం పట్టుకుని లేచింది. "లేదన్నయ్యా! దానిమీదే నా కబుర్లు రికార్డు చేసి అమ్మకు పంపేశాను... రెండు వైపులా!"

ఎవరూ తప్పు పట్టలేదు. అందరిళ్ళల్లోనూ అదే అలవాటు. ఒక్క కేసెట్టే ఊరికీ దుబాయ్‌కీ తిరుగుతుంది, విన్నదాని మీదే జవాబు ఎక్కుతుంది. కానీ తల్లి గొంతు తన చేత్తోనే చెరిపేసుకున్న పిల్లను ఏమని ఓదారుస్తారు?

అంతలో విజయరత్నం వచ్చాడు. సెలవు ముగించుకుని ఆ ఉదయమే ఊరి నుంచి దిగాడు. "ఇదిగో చెల్లెమ్మా, నీ కేసెట్టే. పిన్ని తలగడ కింద దొరికింది."

దయకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ జవాబు చెప్పే ఉంటుంది! గబగబా టేప్‌రికార్డరులో పెట్టింది.

"అమ్మా... అలిసిపోయానే... కాళ్ళు లాగేస్తున్నాయే..." తన గొంతే! రెండోవైపు తిప్పితే అక్కడా తన ఏడుపే.

"అమ్మ ఒక్క మాటైనా చెప్పలేదా అన్నయ్యా?"

"నేను బతిమాలానమ్మా, వింటేగా! 'నా బిడ్డ గొంతు చెరుపుకుంటానేంట్రా?' అని కోప్పడింది. ఇంకెవరూ దీనిమీద రికార్డు చెయ్యకుండా వెనక అంచునున్న ప్లాస్టిక్ బిళ్ళలు నాచేతే విరిపించేసింది. లేసు అల్లుకుంటా రోజూ ఇదే వినేది..."

దయ కేసెట్టు తీసి చూసింది. వెనక రెండు బిళ్ళలూ లేవు. దాన్ని గుండెలకు అదుముకుని, "అమ్మా! నేను నీ గొంతు చెరిపేశానే!" అని పది రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

కృపాకర్ కొత్త కేసెట్టు తెచ్చి పెట్టాడు. "అత్తయ్య చెప్పినవన్నీ నీకు తెలుసుగా. నువ్వు చెప్పు దయా."

"నాకంత ఓపికెక్కడిదండీ... రేపు ఆరింటికే డ్యూటీ..."

అన్నదే గానీ, కొంగుతో మొహం తుడుచుకుని మీట నొక్కింది. "మా అమ్మ చెప్పేది... అప్పటికి మన గుడికి కప్పు లేదంట. వానొస్తే పాస్టరుగారు గొడుగు కింద నిలబడి ప్రసంగం చెప్పేవారంట..."

"ఆ గొడుగు పట్టుకుంది మా తాతేనమ్మా!" అన్నాడు సూరిబాబు. ఆ మాట కూడా కేసెట్టులో పడింది.