ఒక్కసారే కొనగలిగే వాన

"రెండు చుక్కలు వేస్తాను, కాసేపు కళ్లు మూసుకోండి" అంది మాస్కు పెట్టుకున్న డాక్టరమ్మ.

కంటి ఆస్పత్రి గది తలుపు సగం తెరిచే ఉంది. లోపల కుర్చీలో అన్నయ్య. బయట బెంచీ మీద తమ్ముడు పాత పత్రిక తిరగేస్తున్నాడు. పరీక్ష అయ్యాక ఇద్దరూ కలిసి భోజనానికి వెళ్లాలి. డాక్టరమ్మ బయటికి వచ్చి, "చుక్కలు పట్టేదాకా ఆయన్ని కదలనివ్వకండి" అని మెత్తగా చెప్పి, హీల్స్ టకటకలాడిస్తూ కారిడార్ మలుపు తిరిగింది.

తమ్ముడు తలూపాడు. నిజంగానే కదలనివ్వలేదు. అసలు డాక్టరు వచ్చి, "ఈయనకి చుక్కలు ఎవరు వేశారు?" అని అడిగేసరికి అన్నయ్య కుర్చీలోనే చల్లబడిపోయి ఉన్నాడు.

తమ్ముడి అసలు పేరు అతను పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంటులో ఎవరూ వాడరు. అక్కడ అతను 'మేకు'. ఎక్కడ కొడితే అక్కడ దిగి, పీకేదాకా అక్కడే ఉంటాడని డిపార్ట్‌మెంటు పెద్దాయన పెట్టిన పేరు. అన్నయ్యదీ అదే డిపార్ట్‌మెంటు.

అంతా ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. మేకు ఆమె వంటింట్లో కారుతున్న కుళాయికి వాషరు మార్చాడు.

"ఏడవ్వయ్యా. లోపలే పెట్టుకుంటే మొద్దుబారిపోతావు" అంది వదిన.

"రావడం లేదు వదినా."

అది అబద్ధం కాదు. ఛాతీలో తడిమి చూసుకున్నాడు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవిని ముట్టుకున్నట్టుంది. తనదే, కానీ తనది కాదు.

పెద్దాయన గదిలో బ్రీఫింగ్ క్లుప్తంగా జరిగింది.

"సెలవు కావాలా?"

"వద్దండి."

"అయితే విను. నిద్ర పట్టనివాళ్లకి చప్పుళ్లు వినిపించే యాప్ ఒకటుంది. సముద్రం, రైలు, ఫ్యాను. అన్నీ ఫ్రీ. దాన్ని నడిపే కంపెనీ సరిహద్దు అవతలి ముఠాది. ఊరికి నీళ్లిచ్చే ఫిల్టర్ హౌసుల్లో వాళ్ల స్లీపర్లు, అంటే పిలుపు వచ్చేదాకా మామూలు మనుషుల్లా ఉండే ఏజెంట్లు, ఏళ్లుగా బుద్ధిగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్లని లేపే సిగ్నల్ ఈ యాప్‌లోంచే వస్తుంది. వన్‌టైమ్ పర్చేజ్."

"అంటే?"

"కొత్తగా వాన చప్పుడొకటి అమ్మకానికి పెడతారు. కొన్నవాడి చెవిలో వానతో పాటు ఆర్డర్ కూడా మోగుతుంది. ఏ ట్యాంకులో ఏం కలపాలో."

"మెసేజ్ పంపొచ్చుగా?"

"మెసేజ్ అయితే మనం వింటాం. ఎవడో ఫోన్లో ఏదో కొనుక్కుంటే ఎవరికి కావాలి? పైగా ఎవరికి అందిందో కొన్న అకౌంట్లే ముఠాకి చెప్పేస్తాయి."

"యాప్ మూయించేయండి."

"మూయిస్తే ఇంకో దారి చూసుకుంటారు. స్లీపర్లు మాత్రం ట్యాంకుల పక్కనే ఉంటారు. నాకు యాప్ అక్కర్లేదు, కొనేవాళ్లు కావాలి." పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పర్చేజ్ సెటప్ చేయడానికి కంపెనీ ఒక కాంట్రాక్టు మనిషిని వెతుకుతోంది. ఆ సీట్లోకి మీ అన్నయ్య వెళ్లాల్సింది. వాళ్లు ఎక్కడో పసిగట్టారు. ఇప్పుడు నువ్వు వెళ్తావు. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్ నేమ్ నెమలి. వాళ్ల జీతమూ తింటుంది, మన జీతమూ తింటుంది. నిన్ను గుర్తుపట్టడానికి 'కిటికీ తెరిస్తే చాలదా' అని అడుగుతుంది. 'మా వీధిలో వాన పడదు' అని నువ్వు చెప్పాలి."

టెక్నికల్ సెక్షన్‌లో ఒకావిడ మేకు అరచేతిలో చెవిటి మెషీన్ పెట్టింది. "చూడ్డానికే ఇది చెవిటి మెషీన్. లోపలున్నది రేడియో. నువ్వు వాళ్ల దృష్టిలో చెవిటివాడివి. తీసి బల్ల మీద పెట్టావంటే నీకేం వినబడదనుకుని నోటికొచ్చింది మాట్లాడుకుంటారు. నటించగలవా?"

"పెద్ద నటన అక్కర్లేదు" అన్నాడు మేకు. కొన్నాళ్లుగా లోకం అతనికి అద్దం అవతలి నుంచే వినబడుతోంది.

కంపెనీ ఆఫీసు ఒక లాండ్రీ పై అంతస్తులో ఉంది. నేలలోంచి ఎప్పుడూ వాషింగ్ మెషీన్ల వణుకు పాకేది. కుర్చీలు చక్రాల మీద వాటంతటవే కాస్త పక్కకి జరిగేవి. డైరెక్టర్ బట్టతల మనిషి, నవ్వుముఖం, నాలుక మాత్రం కత్తి.

"సార్, ఇది ఎన్నిసార్లైనా కొనేలా పెట్టాలా, ఒక్కసారేనా?" మేకు గొంతు పెంచి అడిగాడు. "గేముల్లో నాణేలుంటాయి చూడండి, అయిపోతే మళ్లీ కొంటారు. అదో రకం. ఒక్కసారి కొంటే ఎప్పటికీ వాళ్లదే, మళ్లీ కొనలేరు. అదింకో రకం."

"ఒక్కసారే!" డైరెక్టర్ అతని చెవి దగ్గర అరిచాడు. "ఒక మనిషికి ఒక్కసారే! రెండోసారి కొంటే మా లెక్క తప్పుతుంది!"

మేకు యాప్‌లో అమ్మే సరుకుల వివరాలు పెట్టే స్టోర్ కన్సోల్ తెరిచాడు. ప్రొడక్ట్ ఐడీ పెట్టాడు. పేరు: వాన. వివరణ: మీ నిద్ర కోసం. మామూలు జనం పొరపాటున కూడా కొనకుండా డైరెక్టర్ ధరను ఆకాశంలో పెట్టించాడు.

భుజం మీదుగా అత్తరు వాసన వచ్చింది. ప్రొడక్ట్ మేనేజర్. నీలిరంగు సిల్కు చొక్కా, కంఠం దగ్గర సన్నటి గొలుసు. ఆమె నడిస్తే కీబోర్డుల మీద వేళ్లు ఆగిపోతాయి.

"ఈ ధరకి వాన ఎవరు కొంటారండీ? కిటికీ తెరిస్తే చాలదా?"

"మా వీధిలో వాన పడదండి."

ఆమె నవ్వి, హీల్స్ టకటకలాడిస్తూ వెళ్లిపోయింది. మేకు వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

అతని ఉపాయం తేలికైనదే. బటన్ నొక్కగానే కొనుగోలు 'పెండింగ్'లో పడుతుంది. డబ్బు అందాక 'పూర్తయింది' అవుతుంది. ఆ మాట సర్వర్ ఖాయం చేశాకే యాప్ సరుకు విప్పుతుంది. మేకు రాసిన కోడ్‌లో టెస్టర్ అకౌంట్లకు సర్వర్ వెంటనే ఖాయం చేస్తుంది. మిగతా అందరికీ ఎప్పటికీ చెయ్యదు. ఈలోగా కొన్నవాడి ఫోన్ ఎక్కడుందో డిపార్ట్‌మెంటుకి చేరిపోతుంది. పట్టుకోవడం వాళ్ల వంతు.

డైరెక్టర్ తన ఫోన్లో టెస్టర్ అకౌంటుతో కొని చూశాడు. వాన కురిసింది. భుజం తట్టాడు.

లాంచ్ మర్నాటికి అనుకున్నారు. కానీ ఆ ఉదయమే మేకు మెషీన్ తీసి బల్ల మీద పెట్టి పని చేసుకుంటుంటే డైరెక్టర్ అతని నెత్తి మీదే మాట్లాడాడు.

"రేపటిదాకా వద్దు. ఈరోజే, భోజనాలయ్యాక. ఆ తర్వాత ఈ చెవిటివాడితో మనకి పనిలేదు. కంటి ఆస్పత్రిలో ఆ డిపార్ట్‌మెంటు వాడికి వేసినట్టే ఇతనికీ చుక్కలు వేసెయ్. నీ చెయ్యి వణకదు."

"అలాగే సార్" అంది నెమలి.

మేకు తెర మీద ఒక అక్షరదోషం దిద్దాడు. గుండె దడదడలాడాలి. ఆడలేదు. మెషీన్ తీసి చెవికి పెట్టుకుని, "బ్యాటరీ అయిపోతోంది, మధ్యాహ్నం దాకా రాదు!" అని గట్టిగా గొణిగాడు. చెవిలో పెద్దాయన గొంతు పలికింది. "అర్థమైంది. ముందుకు జరిపారు. మనవాళ్లు సిద్ధంగా ఉంటారు."

కాఫీ మెషీన్ దగ్గర నెమలి అతని పక్కన నిలబడింది.

"విన్నారు కదా."

"విన్నాను."

"ఆ ఆస్పత్రిలో ఆయన మీకు ఏమవుతారు?"

"అన్నయ్య."

ఆమె కప్పు పక్కన పెట్టేసింది. "ఆ రోజు పత్రిక వెనక మీ ముఖం నాకు సరిగ్గా కనబడలేదు. వెయ్యకపోతే నా మీద అనుమానం వచ్చేది. ఆయన మన మనిషని చుక్కలు వేశాకే నాకు తెలిసింది, ఒట్టు. తిట్టండి. కొట్టండి. ఏదో ఒకటి చెయ్యండి."

"ప్రొడక్ట్ యాక్టివేట్ చెయ్యాలి. మీ అప్రూవల్ కావాలి."

ఆమె అతని కళ్లలోకి చూసింది. అక్కడ కోపం వెతికింది. ఏమీ దొరక్కపోయేసరికి, తుపాకీ చూసినా బెదరని మనిషి, ఒక అడుగు వెనక్కి వేసింది.

భోజనాలయ్యాక 'వాన' అమ్మకానికి వచ్చింది.

తొమ్మిది మంది కొన్నారు. గొప్ప క్రమశిక్షణ. గోడ మీది పెద్ద తెర మీద తొమ్మిది గీతలు వెలిగాయి. తొమ్మిదింటి పక్కనా ఒకే మాట: పెండింగ్.

"ఇదేంటి?" అన్నాడు డైరెక్టర్.

"బ్యాంకు దగ్గర ఆగిందండీ. ఒక్కోసారి ఇంతే. కాసేపు చూడమనండి."

ఫిల్టర్ హౌసుల్లో తొమ్మిది మంది ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. 'మీ చెల్లింపు ప్రాసెస్ అవుతోంది, దయచేసి వేచి ఉండండి' అని తెర చెప్పింది. వేచి ఉన్నారు. ఇలా వేచి ఉండటం లోకంలో ఎవరికి అలవాటు లేదు?

చెవిలో గొంతు: "ఇద్దరు దొరికారు. నలుగురు. ఆపుతూ ఉండు. అందరూ దొరికేదాకా మేం పైకి రాలేం, ఆ డైరెక్టర్ మిగతావాళ్లకి చెప్పేస్తాడు."

డైరెక్టర్ నవ్వు మాయమైంది. సొరుగులోంచి పిస్తోలు తీశాడు. "మళ్లీ కొనమందాం. ఈసారి సరిగ్గా పడుతుంది."

"కుదరదండీ. 'ఇప్పటికే కొన్నారు' అని వస్తుంది. ఒక్కసారే కొనేలా ఉండాలన్నది మీరేగా."

డైరెక్టర్ ముఖం ఎర్రబడింది. ఇతను ఇప్పుడు మామూలు గొంతుతో అడిగితే మామూలు గొంతుతోనే జవాబిచ్చాడన్న సంగతి ఆయనకు ఆలస్యంగా తట్టింది. పిస్తోలు మేకు నుదుటికి ఆనింది.

"ఏమ్మా! సర్వర్ తనిఖీ తీసెయ్. పెండింగ్ ఉన్నా సరే, సరుకు విప్పెయ్."

ఆ అధికారం ఒక్క నెమలి అకౌంటుకే ఉంది. ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టకటకా మార్చింది. తెర మీద పెట్టె తెరుచుకుంది: మార్పులు ప్రచురించాలా?

"ఎనిమిది మంది" అంది చెవిలో గొంతు. "ఒక్కడు మిగిలాడు. మెట్ల మీద ఉన్నాం."

ఆమెకు లెక్క స్పష్టంగా తెలుసు. 'అవును' నొక్కితే అవతలి దేశంలో ఇల్లు, కొత్త పేరు. 'వద్దు' నొక్కితే హత్యానేరం మీద జైలు. ఆమె మేకు వైపు చూసింది. బతిమాలుతాడేమోనని.

"మీ ఇష్టం" అన్నాడు మేకు. పిస్తోలు నుదుటి మీద ఉన్నా, టీయా కాఫీయా అని అడిగిన మనిషికి చెప్పినట్టే.

ఆమె వేలు మౌస్ మీద వణికింది. మొదటిసారి.

వద్దు.

డైరెక్టర్ పిస్తోలు ఆమె వైపు తిప్పాడు. మేకు పక్కనున్న చక్రాల కుర్చీని కాలితో తన్నాడు. అది ఆయన మోకాళ్లను కొట్టింది. పేలిన తూటా ల్యాప్‌టాప్ పక్కన గోడలో దిగింది. "తొమ్మిది!" అని చెవిలో అరుపు, అదే క్షణంలో తలుపు విరిగిన చప్పుడు.

సంకెళ్లు వేస్తుంటే నెమలి అడిగింది. "నన్ను కాపాడారు. క్షమించినట్టేనా?"

"లేదు. ల్యాప్‌టాప్‌లో సాక్ష్యం ఉంది. అది పాడవకూడదు."

ఆమె తలొంచుకుని మెట్లు దిగింది. హీల్స్ చప్పుడు కింద మెషీన్ల హోరులో కలిసిపోయేదాకా మేకు అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం వదిన ఇంటికి వెళ్లాడు. జరిగింది చెప్పాడు, చెప్పగలిగినంత. చుక్కలు వేసినావిడ దొరికిందని చెప్పాడు. వదిన కొంగు మడతలు సర్దుకుంది.

"కదలనివ్వకండి అంది వదినా" అన్నాడు. "నేను కదలనివ్వలేదు. పత్రిక చదువుతూ కూర్చున్నా."

"నీకేం తెలుసయ్యా" అంది వదిన. అతని తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉందని మేకుకు తెలిసింది. అంతకంటే ఏమీ తెలియలేదు. అయినా తల పక్కకు జరుపుకోలేదు.

ఫోన్ మోగింది. పెద్దాయన.

"తొమ్మిది మందినీ విచారిస్తున్నాం. ఎనిమిది మంది నోరు విప్పడం లేదు. తొమ్మిదోవాడు విప్పాడు."

"ఏమన్నాడండీ?"

"వాన రాలేదు కదా, డబ్బులు వాపస్ ఎప్పుడు పడతాయని అడుగుతున్నాడు."