బోణీ కాకముందు

శ్రీరామమూర్తి ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని అంచనా వేసేవాడు. ఇరవై రెండేళ్లుగా చిక్కడపల్లి చౌరస్తాలో వాచీలు, రేడియోలు, కాలిక్యులేటర్లు అమ్ముతున్న చెయ్యి అది. ఆ రోజు పొద్దున ఏడింటికి దేవుడి గూటి ముందు నిలబడి, కూతురి పరీక్ష సంచీలోంచి తీసిన పాత కాలిక్యులేటర్‌ని అలాగే అంచనా వేశాడు. అంకెల బొత్తాలు అరిగిపోయాయి. ఎనిమిది నొక్కితే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. ఊరందరికీ కొత్త సరుకు అమ్మేవాడి కూతురు ఇలాంటిది పట్టుకుని సి.ఎ. ఫైనల్ రాయడమేమిటని అతనికి చిన్నతనంగా తోచింది.

జేబులోంచి కొత్త డిజిటల్ డైరీ తీశాడు. కూడికలూ గుణకారాలూ చేస్తుంది, పేర్లూ ఫోన్ నంబర్లూ దాచుకుంటుంది. ఆ తొంభై ఆరు నవంబరులో కొట్లో అంత వేగంగా అమ్ముడుపోతున్న సరుకు మరొకటి లేదు. నిన్న కౌంటర్ దగ్గర కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ "విజయోస్తు హారతి" అని అందులో ఎక్కించాడు. స్విచ్ నొక్కగానే ఆ మాటే కనిపిస్తుంది. పాతదాన్ని సొరుగులో పడేసి, కొత్తదాన్ని సంచీలో పెట్టి జిప్పు లాగాడు.

"ఏమండీ, అక్కడేం చేస్తున్నారు? దానికి బొట్టు పెట్టేశాను, ఇంక ముట్టుకోకండి," అంది వంటింట్లోంచి సుబ్బలక్ష్మి.

"సర్దానంతే."

సుబ్బలక్ష్మిది ఒక పట్టింపు. దేవుడి దగ్గర పెట్టిన సంచీని మళ్లీ పరీక్ష హాల్లోనే తెరవాలి. మధ్యలో తెరిస్తే పెట్టిన బొట్టుకు విలువ ఉండదంటుంది. ఇంటర్ నుంచీ హారతి ఆ మాట కాదనలేదు. నవ్వుకునేది గానీ సంచీ తెరిచేది కాదు.

హారతి ఉప్మా తింటూ కూడా పుస్తకం దించలేదు. రెండుసార్లు ఆమెను ముంచిన కాస్టింగ్ పేపరు ఇవాళే. హిమాయత్‌నగర్‌లో ఆమె పని నేర్చుకున్న ఆడిటరు, పాసైన రోజే వచ్చి చేరమని కుర్చీ అట్టేపెట్టాడు. ఈసారీ పోతే ఆ కుర్చీ వేరేవాళ్లకిస్తానని కూడా మెత్తగా చెప్పాడు.

"అశోక్‌నగర్‌లో రత్నమాల వాళ్లింట్లో ఒకసారి తిరగేసి, అటునుంచి అటే నారాయణగూడ వెళ్లిపోతాను నాన్నా. రెండింటికి పరీక్ష."

"సంచీ తీసుకున్నావా?"

"తీసుకున్నాను. తెరవనులే," అంది తల్లి వైపు చూస్తూ.

శ్రీరామమూర్తి లోలోపల మురిసిపోయాడు. హాల్లో తెరిచినప్పుడు కూతురి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కొట్టుకి బయల్దేరాడు.

*

తొమ్మిదింబావుకి కొట్లో అగరొత్తులు వెలిగించి, గల్లాపెట్టెకి దణ్ణం పెట్టుకుని కూర్చున్నాడు. బోణీ కాలేదు. మెట్ల దగ్గర ఒక నడివయసు ఆడమనిషి, ఆమె వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న యువకుడు. మొన్న సి.ఎ. పరీక్ష కోసమని తన దగ్గర డిజిటల్ డైరీ కొన్నది అతనే. పేరు జైపాల్. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి అంబర్‌పేటలో స్థిరపడిన కుటుంబం. తల్లి నర్సింహమ్మ బిల్డింగు పనుల్లో సిమెంటు మోస్తుంది.

"సేటు, ఇది జర మార్చియ్యి," అంటూ నర్సింహమ్మ కాగితంలో చుట్టిన డైరీ కౌంటర్ మీద పెట్టింది. "పైసలు వాపస్ వద్దు. సాదాది ఇయ్యి చాలు."

శ్రీరామమూర్తి దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు. "బోణీ కాకముందు వాపసు తీసుకోనమ్మా. పదకొండు దాటాక రండి, చూద్దాం."

"పదకొండింటికి నేను పనిల ఉంటనే. మేస్త్రీని ఒక్క గంట అడిగొచ్చిన."

జైపాల్ ముందుకొచ్చాడు. "అంకుల్, అక్షరాలు దాచుకునే మిషన్లు హాల్లకి రానియ్యరంట. హాల్ టికెట్ ఎనక రాసుంది, నేనే సూస్కోలే. మొన్న పేపర్ల మేడం పట్టుకుని, కొత్తోనివని వదిలేసిన్రు. ఇయ్యాల తెస్తే కేసు రాసి పైకి పంపుతమన్నరు."

ఇరవై రెండేళ్లలో ఎన్ని కథలు విన్నాడు. సరుకు వాపసు చేయడానికి వచ్చినవాడు ఏదో ఒక కథ తేకుండా రాడు. పెళ్లి ఆగిపోయిందంటాడు, మామగారికి నచ్చలేదంటాడు. ఇదీ అలాంటిదేనని లెక్కేసుకున్నాడు.

"పిల్లలందరూ ఇదే పట్టుకెళ్తున్నారయ్యా. అంతెందుకు, మా అమ్మాయిది ఇవాళ అదే పరీక్ష. పొద్దున నా చేత్తో ఇదే పెట్టాను దాని సంచీలో."

జైపాల్ మొహం మారింది. "అయితే తీపియ్యుండ్రి అంకుల్. నిజం చెప్తున్న. ఆమెకు తెల్వదేమో."

"ముందు నా బోణీ కానీ."

"సేటు, పోరడు నీ బిడ్డ గురించే చెప్తుండు," అంది నర్సింహమ్మ.

"నా కూతురి సంగతి నేను చూసుకుంటాను."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, డైరీ మళ్లీ కాగితంలో చుట్టింది. "పా బిడ్డ. చేతితోనే లెక్కలు జేయ్. మీ నాయిన గోడల కొలతలు జేసినట్టు జేయ్."

వాళ్లు మెట్లు దిగాక శ్రీరామమూర్తి ఇంకో అగరొత్తి వెలిగించాడు. పొగ నిటారుగా లేవకుండా కౌంటర్ మీదే పాకింది.

బోణీ పదకొండుకి అయింది. ఆ తర్వాత బేరాలు బాగానే తగిలాయి. కానీ ఆ కుర్రాడి మొహం మారిన తీరు మాత్రం అతన్ని వదల్లేదు. బేరమాడేవాడి మొహం అలా మారదని లోపల ఏదో చెబుతూనే ఉంది. కాళ్లు మాత్రం కొట్టు దాటలేదు.

ఒంటిగంటా నలభైకి ఒక అమ్మాయి ఆటో ఆపించి పరుగున వచ్చింది. "అంకుల్, సాదా కాలిక్యులేటర్ ఒకటి తొందరగా ఇవ్వండి. అక్షరాలున్నది వద్దు. సంచీలో కనిపించినా కేసు రాస్తారట."

డబ్బాలో పెట్టిన అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

*

షట్టర్ సగం లాగి, రెండు సాదా కాలిక్యులేటర్లు జేబులో వేసుకుని అదే ఆటో ఎక్కాడు. నారాయణగూడ మార్కెట్ దగ్గర కూరగాయల బండి అడ్డం తిరిగి దారి మూసుకుపోయింది. దిగి నడిచాడు, ఆ తర్వాత పరిగెత్తాడు. ఒకటి హారతికి అందించమని ఇవ్వాలని తట్టేలోపే, తనతో ఆటోలో వచ్చిన అమ్మాయి అతన్ని దాటుకుని గేట్లోకి వెళ్లిపోయింది. అతను చేరేసరికి కాలేజీ గేటుకి గొలుసు పడుతోంది.

"లోపల మా అమ్మాయి ఉందయ్యా. ఇది ఒక్కటి అందించు. సాదాదే, చూడు."

"గంట గొట్టినంక సూది గూడ లోపలికి పోదు సార్," అన్నాడు వాచ్‌మన్. "పక్కకు జరగుండ్రి."

లోపల గంట మోగింది. అతను కాలిక్యులేటర్లు మళ్లీ జేబులో వేసుకున్నాడు.

గోడ నీడలో ఎవరో కూర్చుని ఉన్నారు. నర్సింహమ్మ. ఒళ్లో టిఫిన్ డబ్బా.

"పనికి పోలే," అంది అతను అడక్కుండానే. "పోరడు ఉత్త చేతుల్తోటి పోయిండు. మనసున పట్టలే."

అతను కొంచెం దూరంలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల హారతి ఇప్పుడు జిప్పు లాగుతుంటుంది. ఇప్పుడు స్విచ్ నొక్కుతుంటుంది. తన పేరు చూస్తుంటుంది. ఆ మాట ఎక్కించడానికి నిన్న ముప్పావుగంట పట్టింది. దాన్ని తుడిచేయడానికి ఆమెకి ఒక్క నిమిషం కూడా ఉండదు.

"కూసో సేటు. మూడు గంటలు నిలబడలేవు," అంది నర్సింహమ్మ.

అతను కూర్చున్నాడు. ఆమె కొంచెం జరిగి అతనికి నీడ వదిలింది. తిట్టినా బాగుండేదనిపించింది.

*

ఐదింటికి పిల్లలు బయటికొచ్చారు. హారతి రాలేదు. జైపాల్ వచ్చి అతన్ని చూసి ఆగిపోయాడు.

"పేపరు రాసినంక ఆమెను ఆఫీసు రూముల కూసోబెట్టిన్రు అంకుల్."

శ్రీరామమూర్తి లోపలికి వెళ్లాడు. ఈసారి వాచ్‌మన్ ఆపలేదు. బల్ల వెనక సెంటర్ సూపరింటెండెంట్ రాజకుమారి, ఎదురుగా హారతి. బల్ల మీద డైరీ తెరిచి ఉంది. తెర మీద ఆ రెండు మాటలు.

హారతి తండ్రిని చూసింది. ఏడవలేదు. "మీరు పెట్టారా నాన్నా?"

"నేనే."

"నేను చెయ్యెత్తి ఇచ్చేశాను. ఎవరూ పట్టుకోలేదు, నేనే ఇచ్చేశాను. అయినా కేసు రాయాల్సిందేనంటున్నారు."

"ఇచ్చేసిందని కూడా రాస్తాను," అంది రాజకుమారి. ఆవిడ గొంతు కఠినంగా లేదు, మెత్తగానూ లేదు. "కానీ సీట్లో కూర్చున్నాక ఆమె దగ్గర దొరికింది. పైగా అందులో ఆమె పేరే ఉంది. తెలియక తెచ్చిందని ఆమె అంటోంది. ఎవరు నమ్మాలి?"

"నేను రాసిస్తాను మేడమ్. నేనే మార్చాను. నాకు రూలు తెలీదు. మా ఆవిడ పట్టింపు వల్ల అది సంచీ తెరవలేదు."

"మీరు తండ్రి. కూతురి కోసం ఎవరైనా అలాగే రాస్తారు. పైగా ఇవి అమ్మేది మీరేనట. అమ్మేవాడికి రూలు తెలీదంటే పై వాళ్లు నవ్వుతారు. మీకు తెలీదని చెప్పగలిగే బయటి మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. ప్రపంచంలో సరిగ్గా ఇద్దరే ఉన్నారు. పొద్దున తొమ్మిదింబావుకి తన మెట్ల మీద నిలబడి, తను గర్వంగా కూసిన కూత విన్నవాళ్లు. శ్రీరామమూర్తి కిందికి చూశాడు.

"ఎవరు నాన్నా?" అంది హారతి.

అతను చెప్పాడు. బోణీ మాట కూడా దాచలేదు. హారతి కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి.

"అంటే ఎవరో వచ్చి నా గురించి చెప్పారు. మీరు బోణీ కాలేదని పంపేశారు. అప్పటికి నేను రత్నమాల వాళ్లింట్లోనే ఉన్నాను నాన్నా. కొట్టుకి పది నిమిషాల దూరం."

శ్రీరామమూర్తి తలుపు వైపు నడిచాడు.

*

నర్సింహమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది. జైపాల్ అన్నం తింటున్నాడు. శ్రీరామమూర్తి ఆమె ఎదురుగా వచ్చి నిలబడి విషయమంతా చెప్పి, లోపలికొచ్చి ఒక మాట చెప్పమని అడిగాడు.

నర్సింహమ్మ తొందరపడలేదు. "నువ్వు పొద్దుగాల బోణీ గాలేదంటివి. ఇప్పుడు నేను గూడ బోణీ గాలే అంటే ఏం జేస్తవ్ సేటు?"

"ఏం చేయలేనమ్మా. వెళ్లిపోతాను."

"మా పోరని పేరు ఆ కాగితంల ఎక్కితే? మొన్న వాణ్ని పట్టిన ముచ్చట గూడ బయటకొస్తది గద. పన్నెండేండ్లు తట్ట మోసి చదివిచ్చిన."

అది నిజం. ఆమె అడిగినదాంట్లో అన్యాయం లేదు. శ్రీరామమూర్తి తల ఊపి వెనక్కి తిరిగాడు.

"ఆగుండ్రి అంకుల్," అన్నాడు జైపాల్, డబ్బా మూత పెడుతూ. "అవ్వా, మొన్న నన్ను పట్టింది ఈ మేడమే. ఆమెకు తెల్వంది ఏముంది దాచనీకి? నడువు."

నర్సింహమ్మ కొడుకుని చూసింది. లేచి చీర దులుపుకుంది. "నీ కోసం గాదు సేటు. చేతిలున్నది తానే ఇచ్చేసింది జూడు, ఆ బిడ్డ కోసం."

లోపల ఆమె చెప్పింది చెప్పినట్టు రాజకుమారి రాసుకుంది. 'మా అమ్మాయి సంచీలో కూడా ఇదే పెట్టాను' అని కొట్టు యజమాని తమతో అన్నాడని, తెలిసినవాడైతే అలా చెప్పుకోడని. నర్సింహమ్మ వేలిముద్ర వేసింది. జైపాల్ సంతకం చేశాడు. చివర శ్రీరామమూర్తి తన మాట రాశాడు. 'నన్ను హెచ్చరించినా బోణీ కాలేదని వినలేదు' అన్న వాక్యం రాయనవసరం లేదని రాజకుమారి అంది. అతను దాన్నీ రాసి, కింద సంతకం పెట్టాడు.

*

ఇంటికి నడిచే వచ్చారు. దారంతా హారతి నాలుగడుగులు ముందే నడిచింది. సుబ్బలక్ష్మి గుమ్మంలో ఎదురొచ్చి, విని, కూలబడిపోయింది. "నేను తెరవద్దనకపోయి ఉంటే," అంది. "అది కాదులే," అన్నాడు శ్రీరామమూర్తి. "పొరపాటు నీది కాదు."

మర్నాడు కొట్టు తెరిచి అగరొత్తి వెలిగించలేదు. జైపాల్ వచ్చేదాకా కూర్చుని, బోణీ కాకముందే అతని డైరీ వాపసు తీసుకుని సాదాది ఇచ్చాడు. "ఇంక రెండు పేపర్లున్నాయి కదా, జాగ్రత్త బాబూ," అన్నాడు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు దింపి, దాని వెనక వైపున హాల్ టికెట్ మీది రూలు పెద్ద అక్షరాలతో రాయించాడు.

ఇరవై రోజులు ఆ ఇంట్లో పోస్టుమన్ సైకిల్ బెల్లు వినబడితే అందరూ ఆగిపోయేవారు. చివరికి ఉత్తరం వచ్చింది. వివరణ అంగీకరించారు, హెచ్చరికతో వదిలేశారు, పేపరు దిద్దుతారు. సుబ్బలక్ష్మి ఏడ్చింది.

జనవరిలో ఫలితాలు. జైపాల్ పాసయ్యాడు. హారతి కాస్టింగ్‌లో నాలుగు మార్కులకి పోయింది. ఆడిటరు కుర్చీ వేరేవాళ్లకి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం హారతి కొట్టుకొచ్చి కౌంటర్ ఇవతల నిలబడింది. శ్రీరామమూర్తి తలెత్తలేకపోయాడు.

"చేత్తో చేసినవి మూడు లెక్కలు సగంలో ఆగిపోయాయి నాన్నా. అంతే. మే నెలలో రాస్తాను. ఆడిటర్లు ఇంకా ఉన్నారు ఊళ్లో."

"నా మీద కోపం లేదా?"

"ఉంది," అంది. "మీరు ఆ వాక్యం రాయకపోయి ఉంటే ఇంకా ఉండేది," అంది.

మే నెలలో పరీక్ష రోజు పొద్దున దేవుడి గూటి ముందు సంచీ ఉంది. శ్రీరామమూర్తి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. సుబ్బలక్ష్మి బొట్టు పెట్టి, తనే జిప్పు లాగి, సంచీ కూతురి ముందు తెరిచి పట్టుకుంది.

"చూసుకో తల్లీ. అన్నీ చూసుకో."

లోపల బొత్తాలు అరిగిన పాత కాలిక్యులేటర్ ఉంది. హారతి దాన్ని తీసి ఎనిమిది నొక్కింది. పడలేదు. తండ్రి వైపు తిప్పి చూపించింది.

"ఇంకొకటి తెండి నాన్నా. సాదాది. నా చేతికే ఇవ్వండి."

అతను చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి కొట్టు వైపు బయల్దేరాడు.